ఎడమ చేతి తొడుగు

నా భార్య హైమావతిని డాక్టర్ శశిభూషణ్ చంపాడు. ఆసుపత్రి కాగితంలో డెంగీ జ్వరం అని రాశారు. కాగితం రాసినవాళ్లు తమకు కావలసింది రాసుకున్నారు. నేను జరిగింది చెబుతున్నాను.

నా పేరు తవిటయ్య. మా ఊరి బడిలో పదో తరగతి వరకు చదివాను. తర్వాత బెండిపురం బస్టాండు వెనక ఇరవై ఏళ్లు మోటార్లకు వైండింగు చేశాను. కాలిన మోటారు విప్పి, మాడిన తీగ పీకేసి, కొత్త రాగి తీగ చుట్టడం నా పని. వెంట్రుకకన్నా సన్నని తీగనైనా తెగకుండా చుడతాను. ఏ మోటారునూ నేను ఒకసారి తిప్పి చూడకుండా చేతికివ్వను.

హైమ నా మేనత్త కూతురు. నర్సింగు చదివి, బెండిపురం ప్రభుత్వాసుపత్రిలో పదకొండేళ్లు కాంట్రాక్టు నర్సుగా పనిచేసింది. పదకొండో ఏడు కూడా కాంట్రాక్టే. వార్డులో అరవై మంది రోగులకు తన డ్యూటీలో ఆమె ఒక్కతే. ఆ వార్డులో నర్సుకు కుర్చీ లేదు. ఉన్న ఒక్క కుర్చీని సూపరింటెండెంటు వచ్చినప్పుడు తెచ్చి వేసేవారు, ఆయన వెళ్లగానే గదిలో పెట్టి తాళం వేసేవారు. హైమ కిటికీ గట్టు మీద రిజిస్టరు పెట్టుకుని నిలబడి రాసేది.

ఆమె వేళ్లు వేరు. నెలల పిల్లలకు, ఒళ్లంతా ఉబ్బిన ముసలివాళ్లకు, ఇంకెవరికీ నరం దొరకకపోతే హైమను పిలిచేవారు. కళ్లు మూసుకుని వేలు ఆనించేది. "ఇదిగో, ఇక్కడ దాక్కుంది" అనేది. రెండో పోటు అవసరమయ్యేది కాదు.

ఒక రోజు రోగి కొడుకొకడు, డాక్టరు లేడన్న కోపంతో ఆమె చెంప మీద కొట్టాడు. సూపరింటెండెంటు ఇద్దరినీ గదిలోకి పిలిపించాడు. "పెద్దింటి కుర్రాడమ్మా, గొడవెందుకు? సారీ చెప్పేయ్, పోయేదేముంది" అన్నాడు. చెప్పమన్నది కొట్టినవాడిని కాదు. హైమను. ఆమె చెప్పింది. ఇంటికొచ్చి పెట్టెలోంచి సర్టిఫికెట్లు తీసి మంచం మీద పరిచింది.

"బావా, నేనెల్లిపోతాను."

"ఎక్కడికి?"

"కెనడా. ఝాన్సీ కడతంది పరీక్ష. నేనూ కడతాను."

"అక్కడేటుంది?"

"కుర్చీ ఉంటాది." ఆమె నవ్వలేదు. "కూకుని రాసుకోడానికి కుర్చీ ఉంటాదంట. ఆరుగురికో నర్సంట. ఎవడైనా చెయ్యెత్తితే ఆడిని బయటికి గెంటుతారంట. నాకింకేటక్కర్లేదు."

"మరి నేనేటి సెయ్యాలక్కడ?"

"అక్కడ మోటార్లు కాలవేటి?"

"కాలితే పారేస్తారంట. బాగుచెయ్యరంట."

అప్పుడు నవ్వింది. కానీ పరీక్ష మానలేదు. ఝాన్సీ ఆమెతోపాటు అదే వార్డులో పనిచేసిన పిల్ల, నన్ను అన్నియ్యా అని పిలిచేది. ఇద్దరూ ఏడాదిపాటు మా అరుగు మీద కూర్చుని ఇంగ్లీషు చదివారు. ఝాన్సీ తప్పింది. హైమ నెగ్గింది. రమ్మని ఉత్తరం వచ్చింది.

నేను వద్దన్నాను. కారణం చెప్పలేదు. పదకొండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. పన్నెండో రోజు ఆ ఉత్తరం మడిచి చీరల కింద పెట్టేసింది. నేను గెలిచాననుకున్నాను.

ఆ తర్వాత డాక్టర్ శశిభూషణ్ వచ్చాడు.

మా జిల్లావాడే. మత్తు డాక్టరు. ఇరవై ఏళ్లు విదేశాల్లో ఉండి తిరిగి వచ్చాడు. ఎవరిని కలిసినా నమస్కారం పెట్టడు, చెయ్యి కలపడు. ఎడమచేతి వాటం మనిషి. ఆ ఎడమ చేత్తో ఎదుటివాడి మణికట్టు పట్టుకుని నాడి చూస్తాడు. "మెట్లెక్కి వచ్చావు", "పొద్దున తిండి తినలేదు నువ్వు" అని చెబుతాడు. అవి నిజమయ్యేవి. "నా వేళ్లు అబద్ధం చెప్పవు" అనేవాడు. జనానికి అది నచ్చేది.

ప్రభుత్వాసుపత్రి ఆవరణలో పాడుబడ్డ క్షయ వార్డును అతని కంపెనీ లీజుకు తీసుకుంది. మధ్యలో గోడ కట్టి ఒక చిన్న గేటు పెట్టారు. జిల్లాలోని నర్సులందరినీ పిలిచి సభ పెట్టాడు. నలభై కుర్చీలు వేయించాడు. వీళ్లు అలవాటు ప్రకారం గోడవార నిలబడ్డారు.

"కూర్చోండి సిస్టర్స్. మీరు కూర్చున్నాకే నేను మాట్లాడతాను" అన్నాడు.

ఆ ఒక్క మాటకే సగం మంది సంతకం పెట్టేశారని ఝాన్సీ తర్వాత చెప్పింది.

"మీరెందుకు దేశం విడిచి వెళ్తున్నారో నాకు తెలుసు" అన్నాడతను. "నేనూ అందుకే వెళ్లాను. మీరు విమానం ఎక్కక్కర్లేదు. మీ చేతులు వెళ్తాయి. సాయంత్రం ఐదింటికి మీ ఇంట్లో మీరుంటారు."

ఆ మాట హైమ ఇంటికొచ్చి చెప్పినప్పుడు ఆమెకన్నా నేనే ఎక్కువ సంతోషించాను.

తొడుగు బూడిద రంగులో, మణికట్టు వరకు ఉండేది. ఇక్కడ హైమ కుర్చీలో కూర్చుని రెండు తొడుగులు వేసుకుంటే, అక్కడ కెనడాలో ఒక ఆసుపత్రి మంచం పక్కన, చక్రాల స్టాండుకు బిగించిన రెండు రబ్బరు చేతులు కదిలేవి. ఆ చేతులకు తగిలింది ఈమె వేళ్లకు తగిలేది. ఒక్కో వేలి కొసలో ఆరు వందల చుట్ల రాగి తీగ ఉండేది. అది తెగితే బాగుచేయడానికి మనిషి కావాలి. నేను చుట్టినది భూతద్దం కింద చూసి శశిభూషణ్ నా మణికట్టు పట్టుకున్నాడు. "నీ చెయ్యి వణకదు. రేపటినుంచి రా" అన్నాడు. షాపు మూసి వెళ్లాను.

మొదటి రోజు నేను హాల్లోనే ఉన్నాను. ఇక్కడ ఉదయం తొమ్మిదిన్నర. అక్కడ వాళ్లకు రాత్రి డ్యూటీ. తెర మీద ఒక ముసలాయన, తెల్లగా, కాగితంలాంటి చర్మం. అక్కడి నర్సులు రెండుసార్లు పొడిచి వదిలేశారట. హైమ కళ్లు మూసుకుంది. తెర మీద రబ్బరు వేలు ఆయన చేతి మీద పాకింది.

"ఇదిగో, ఇక్కడ దాక్కుంది" అంది తెలుగులో.

సూది దిగింది. ముసలాయన ఆ రబ్బరు చేతిని రెండు చేతులతో పట్టుకుని ఏదో అన్నాడు. సాయంత్రం ఇంటికి వచ్చేదాకా హైమ తన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకునే ఉంది.

"థాంక్యూ అన్నాడు బావా. పదకొండేళ్లలో మనోళ్లు ఒక్కలన్నారేటి?"

"నేనంటాను."

"నువ్వెప్పుడన్నావు?"

ఆలోచించాను. అనలేదు.

అంత దూరం నుంచి స్పర్శ రావడానికి రెప్పపాటు ఆలస్యమయ్యేది. నరం తగిలిందని వేలికి తెలిసేలోపు సూది నరం దాటిపోతుంది. మిగతా కంపెనీలు చేసిన తొడుగులన్నీ అక్కడే ఆగిపోయాయి. శశిభూషణ్ కనిపెట్టింది దానికి విరుగుడు. తొడుగులోంచి చిన్న కరెంటు వేళ్లకు పాకుతూ ఉండేది. అది వేళ్లకు ఆ రెప్పపాటు ఆగడం నేర్పేది. పది రోజుల్లో అందరి వేళ్లూ నేర్చుకున్నాయి. ఆ తర్వాత ఆలస్యం ఉన్నట్టే వాళ్లకు తెలియలేదు.

ఆరు నెలల్లో గోడకు అవతల ప్రభుత్వాసుపత్రి ఖాళీ అయింది. తొమ్మిది మంది నర్సుల్లో ఎనిమిది మంది ఇటు వచ్చేశారు. మిగిలింది ఎస్తేరమ్మ. రిటైర్మెంటుకు ఏడాది ఉంది. వయసైన వేళ్లు నేర్చుకోవని శశిభూషణ్ ఆమెను తీసుకోలేదు. ఇటు నలభై మంది నర్సులు కుర్చీల్లో కూర్చుని మరో దేశం రోగులకు సూదులు వేస్తుంటే, అటు రోగుల బంధువులే సెలైను సీసాలు పట్టుకుని నిలబడేవారు. హైమ గేటు దాటేటప్పుడు అటు చూసేది కాదు. "చూస్తే ఆగిపోతాను బావా. ఆగితే మళ్లీ నిలబడే ఉండాలి" అంది.

ఎనిమిదో నెలలో ఒక పొద్దున ఆమె పొయ్యి మీద పులుసు గిన్నె గుడ్డ లేకుండా పట్టుకుంది. పట్టుకుని రెండడుగులు వేసింది. అప్పుడు కేక వేసింది. గిన్నె కింద పడింది.

"కాలతన్నాదని తెలీలేదు బావా. తర్వాత తెలిసింది" అని నవ్వింది. వేళ్లు బొబ్బలెక్కాయి.

తర్వాత బియ్యంలో రాళ్లు ఏరలేకపోయింది. రాయి తగిలిందనుకుని తీస్తే గింజ వచ్చేది. ఎదురింటి పాపకు వాంతులయితే ఇంట్లోనే సెలైను పెట్టమని పిలిచారు. నాలుగుసార్లు పొడిచింది. ఐదోసారి పాప తల్లి చెయ్యి అడ్డం పెట్టి "వద్దులే సిస్టరూ" అంది. ఆ రోజు హైమ మా మెట్టు మీద కూర్చుని తన వేళ్లను చాలాసేపు చూసుకుంది.

"అలిసిపోయుంటాను" అంది.

తొడుగుల రిపేరుకు నాకొక పుస్తకం ఇచ్చారు. ఇంగ్లీషు నేను కూడబలుక్కుని చదువుతాను. తెలియని మాట ఫోనులో చూస్తాను. ఆ వారం మొత్తం పుస్తకం చదివాను. నూట పన్నెండో పేజీలో ఉంది. ఎక్కువ కాలం వాడినవారిలో తొడుగు లేనప్పుడు కూడా స్పర్శ ఆలస్యంగా తెలుస్తుంది. ఇది తొడుగు లోపం కాదు. వాడకం ఆపితే కొన్ని నెలల్లో తగ్గవచ్చు. వాడేవారికి ఈ పేజీ చూపనవసరం లేదు.

ఆ పేజీ పట్టుకుని శశిభూషణ్ గదికి వెళ్లాను.

"ఇదేటి బాబూ?"

చదివాడు. అబద్ధం ఆడలేదు. అది మాత్రం ఒప్పుకోవాలి.

"ఉన్నదే రాశాం. ఇక్కడ చేసే పనికి దానివల్ల నష్టం లేదు. తొడుగు వేసుకుంటే వాళ్లంత మంచి వేళ్లు ఎవరికీ లేవు."

"తొడుగు తీసేత్తే?"

"తీసేస్తే వాళ్ల వేళ్లతో ఇక్కడ పనేముంది తవిటయ్యా?" అన్నాడు. "పదకొండేళ్లు నీ భార్య వేళ్లను ఈ ఊరేం చేసుకుంది? చెంపదెబ్బ కొట్టి సారీ చెప్పించుకుంది. నేను కుర్చీ ఇచ్చాను."

ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకున్నాను. వచ్చేశాను.

ఆ ఏడు వానల్లో బెండిపురమంతా డెంగీ పాకింది. హైమకు మూడు రోజులు జ్వరం కాసింది. నాలుగో రోజు పొద్దున తగ్గింది. చీర కట్టుకుంటూ తనే చెప్పింది.

"డెంగీ అయితే జొరం తగ్గిన రోజే బయపడాలి బావా."

"అయితే ఎల్లకు."

"మూడు రోజులు మానేశాను. నాలుగోది కూడా మానితే తొడుగు ఇంకొకలకి ఇచ్చేస్తారు. కూకుని చేసే పనే కదా."

నేనే బండి మీద దించాను. పదకొండు దాటాక ఆమె కుర్చీలోనే పక్కకు ఒరిగింది. ఒళ్లు చల్లగా, చెమటగా ఉంది. ఝాన్సీ తన తొడుగులు పీకేసి పరుగెత్తుకొచ్చి కనురెప్ప ఎత్తి చూసింది. "బీపీ పడిపోయింది. సెలైను పెట్టాలి, ఇప్పుడే" అంది. హైమ కుడి తొడుగు నేను విప్పాను. ఎడమది విప్పేంత సమయం లేదు. స్ట్రెచరు లేదు. ఆమె కూర్చున్న చక్రాల కుర్చీనే తోసుకుంటూ గేటు దాటించి ప్రభుత్వాసుపత్రిలోకి తీసుకెళ్లాం. పన్నెండు మంది నర్సులు పని వదిలేసి మా వెంట వచ్చారు. జిల్లాలో మంచి వేళ్లు పన్నెండు జతలు ఆ మంచం చుట్టూ ఉన్నాయి.

డ్యూటీ డాక్టరు పోస్టు పదహారు నెలలుగా ఖాళీ. ఎస్తేరమ్మ పురుళ్ల గదిలో ఉంది. బిడ్డ అడ్డం తిరిగింది. ఆమె బయటికి రాలేదు.

ఝాన్సీ పొడిచింది. రాలేదు. ఇంకొకామె పొడిచింది. ఇంకొకామె. మోచేతి మడతలో, అరచేతి వెనక, పాదం మీద. ఒకరి చేతిలోంచి ఒకరు సూది లాక్కున్నారు.

"ఉన్నట్టే ఉంటంది. పొడిస్తే ఉండట్లేదు" అని ఝాన్సీ ఏడ్చింది. "నాకెప్పుడూ ఇలా అవలేదు అన్నియ్యా, ఎప్పుడూ అవలేదు."

హైమకు తెలివి ఉంది. వాళ్ల వేళ్లనే చూస్తోంది. ఒకరి తర్వాత ఒకరి వేళ్లు. అప్పుడు ఆమెకు అర్థమైంది.

"మనందరివీ పోయాయే ఝాన్సీ" అంది. గొంతు గాలిలా ఉంది. తర్వాత నన్ను చూసింది. "బావా, డాక్టర్ని పిలు. ఆయన రోజూ తొడుగు వేసుకోడు. ఆయన వేళ్లు బాగుంటాయి."

పరుగెత్తాను. గేటు నుంచి హాలుకు నలభై అడుగులు.

హాల్లో పన్నెండు కుర్చీలు ఖాళీ. పన్నెండు తెరల మీద రబ్బరు చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి. శశిభూషణ్ మిగిలిన నర్సులను ఒక్కో కుర్చీకి మారుస్తున్నాడు. మధ్యలో ఒక తొడుగు తనే వేసుకోబోతున్నాడు.

"బాబూ, హైమ పోతంది. నరం దొరకట్లేదు. మీరొక్కసారి రండి."

"ఎలా రాను? అక్కడ పన్నెండు మంది మధ్యలో ఉన్నారు. ఒకతనికి సూది నరంలోనే ఉండిపోయింది. ఆమె దగ్గర పన్నెండు మంది నర్సులున్నారు కదా!"

"వాళ్ల వేళ్లు పన్చెయ్యవు. మీకు తెలుసు బాబూ."

నా ముఖం వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత తెర వైపు తిరిగాడు. "ఎస్తేరమ్మను పిలవండి" అన్నాడు.

నేను తిరిగి వచ్చేసరికి ఎస్తేరమ్మ వచ్చింది. అటు బిడ్డ ఏడుస్తోంది. ఆమె చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. అందరినీ తోసి, హైమ చెయ్యి పట్టుకుని, బొటనవేలితో ఒకచోట నొక్కింది. ఒక్క పోటు. సెలైను చుక్కలు పడటం మొదలైంది.

చుక్కలు పడుతూనే ఉన్నాయి. హైమ అప్పటికే లేదు.

శశిభూషణ్ మూడో రోజు మా ఇంటికి వచ్చాడు. "అక్కడ పన్నెండు మంది బతికారు తవిటయ్యా. ఒక్కోసారి లెక్క అలా ఉంటుంది" అన్నాడు. తర్వాత అలవాటు చొప్పున ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. నాడి చూసి, "బీపీ ఎక్కువగా ఉంది. ఉప్పు తగ్గించు" అన్నాడు.

అతన్ని ఏం చేయాలో నాకు అప్పుడు తెలిసింది.

ఎడమ తొడుగు నా దగ్గరే ఉంది. శవానికి స్నానం చేయించేటప్పుడు నేనే తీశాను. ఆ తొడుగు అటు రోగి చేతినే కాదు, లోపల ఉన్న వేళ్లను కూడా వింటుంది. వేసుకున్న మనిషి నాడి, చివరి గంటది, దాని జ్ఞాపకంలో నిలిచిపోతుంది. విప్పి చూశాను. ఉంది. హైమ ఒరిగినప్పటి నుంచి ఆగేదాకా నలభై ఒక్క నిమిషాలు. మొదట సన్నగా, వేగంగా. తర్వాత తడబాటు. ఒకసారి కొట్టుకోవడానికీ ఇంకోసారికీ మధ్య ఎడం పెరుగుతూ. చివర ఒకటి, చాలాసేపు ఏమీ లేక, మళ్లీ ఒకటి. అంతే.

తొడుగు వేళ్లకు పాఠం నేర్పుతుంది. ఏ పాఠం నేర్పాలో లోపల రాసి ఉంటుంది. ఆగడం అనే పాఠం తీసేసి అక్కడ హైమ చివరి మూడు నిమిషాలు పెట్టాను. కరెంటు మెల్లగా నేర్పితే నెలలు పడుతుంది. నాకు నెలలు అక్కర్లేదు. ఆరు వందల చుట్ల చోట నాలుగు వేల చుట్లు చుట్టాను, దొరికినవాటిలోకెల్లా సన్నని తీగతో. ఒక్కో వేలికి పది రోజులు పట్టింది. చెయ్యి వణకలేదు. పగలు హాల్లో నా పని నేను చేశాను. అతను పలకరిస్తే పలికాను. తొడుగు పూర్తయ్యాక పరీక్ష చేశాను. పనిచేసింది.

పక్క జిల్లాల్లో కూడా ఇలాంటి హాళ్లు పెట్టాలని పెద్దలు కొందరు చూడటానికి వచ్చారు. అలాంటివాళ్లు వస్తే శశిభూషణ్ తనే తొడుగు వేసుకుని కెనడా రోగి నాడి పట్టుకుని చూపించేవాడు. కుడి చేత్తో మైకు. ఎడమ చేతికి తొడుగు. తొడుగు అందించేది నేను.

అందించాను.

"ఇప్పుడు సముద్రాలకు అవతల ఉన్న ఒక మనిషి గుండె నా వేళ్ల కింద కొట్టుకుంటుంది" అని మొదలుపెట్టాడు. తర్వాత ఆగాడు. కనుబొమలు ముడిచాడు. "ఈయన పరిస్థితి బాగోలేదు" అన్నాడు. "నాడి అందట్లేదు. డాక్టర్ని పిలవమనండి. పిలవండి!"

తెర మీద ఆ రోగి దిండుకు ఆనుకుని కాఫీ తాగుతున్నాడు.

శశిభూషణ్ తెర చూశాడు. తన చెయ్యి చూశాడు. మళ్లీ నాడి వెతికాడు. అతని పట్టుదల నాకు తెలుసు. దొరికేదాకా వదలడు. గోడ గడియారంలో మూడు నిమిషాలు లెక్కపెట్టాను. అప్పుడు తొడుగు పీకి పారేసి పక్కనున్న పెద్దమనిషి మణికట్టు పట్టుకున్నాడు. భారీ మనిషి, ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నాడు.

"మీరు పడుకోండి" అన్నాడతనితో. "పడుకోండి, వెంటనే!"

"నాకేమైందండీ?" అన్నాడా పెద్దమనిషి.

శశిభూషణ్ అతని చెయ్యి వదిలి మైకును ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. మైకు కూడా వదిలేశాడు. చివరికి ఎడమ చేతి వేళ్లు తన కుడి మణికట్టు మీదే పెట్టుకున్నాడు. అతని వేళ్లు ఇన్నేళ్లలో మొదటిసారి అతనికి అబద్ధం చెప్పాయి. కుర్చీలో కూలబడ్డాడు. హాల్లో అందరూ నిలబడి ఉన్నారు.

మర్నాడు పొద్దున నూట పన్నెండో పేజీ హాలు తలుపుకు అంటించాను, పక్కన తెలుగులో రాసి. కంపెనీ నా మీద కేసు పెట్టలేదు. పెడితే ఆ పేజీ కోర్టులో చదవాలి. నెల తిరిగేసరికి హాలు మూతపడింది. నలభై కుర్చీలు లారీకెత్తారు.

"నీ పగ కోసరం మా కుర్చీలు ఇరగ్గొట్టీసినావు అన్నియ్యా" అంది ఝాన్సీ.

"మీ వేళ్లు మీకొస్తాయి."

"వచ్చి? మళ్లీ ఆ వార్డులో నిలబడాలా?"

నేను క్షమాపణ అడగలేదు. షాపు తెరిచాను.

ఐదు నెలలకు ఝాన్సీ వేళ్లు వచ్చాయి. మళ్లీ పరీక్ష కట్టి నెగ్గింది. ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నం షాపుకు వచ్చి ఎదురుగా డ్రమ్ము మీద కూర్చుంది. టీ తెప్పించాను. అప్పుడే శశిభూషణ్ వచ్చాడు. గడ్డం పెరిగింది. ఎడమ చేతిని దేనికీ తగలనివ్వకుండా గాలిలో ఎత్తి పట్టుకున్నాడు.

"ఏది పట్టుకున్నా చచ్చిపోతోంది తవిటయ్యా" అన్నాడు. "గ్లాసు, తలుపు, మా అమ్మ చెయ్యి. తీసెయ్. తీయొచ్చా?"

"మీ పుస్తకంలోనే ఉంది కదా బాబూ. వాడకం ఆపితే కొన్ని నెలల్లో తగ్గవచ్చు."

"ఏడాదైంది."

"నేను గట్టిగా చుట్టాను."

"ఇది హైమావతిదే కదా?"

టీ ఒక గుక్క తాగాను.

"నేను డాక్టర్ని. ఈ వేళ్లు లేకపోతే నేనేం చేయాలి?"

"మీ వేళ్లతో ఇక్కడ పనేముంది బాబూ?" అన్నాను.

అతను ఒక అడుగు ముందుకు వేశాడు. అప్పుడు అన్నాడు, మెల్లగా. "ఆమె చనిపోవడానికి నాలుగు నెలల ముందు ఆ పేజీ నువ్వు నా దగ్గరికి తెచ్చావు. నేను ఆమెకు చెప్పలేదు. నువ్వెందుకు చెప్పలేదు?"

ఝాన్సీ టీ గ్లాసు కింద పెట్టింది.

"నీకు ముందే తెల్సా అన్నియ్యా?"

"తెలుసు."

"మరి హైమక్కకి సెప్పలేదేటి?"

"చెప్తే తొడుగు మానేస్తాది. మానేస్తే ఆ ఉత్తరం మళ్లీ తీస్తాది. ఎల్లిపోద్ది."

ఝాన్సీ లేచి బ్యాగు భుజాన వేసుకుంది. "ఎల్లిపోతే బతికుండేది" అంది. వెనక్కి చూడకుండా బస్టాండు వైపు నడిచింది. ఆ పిల్ల ఇప్పుడు కెనడాలో ఉంది. నాకు ఫోను చేయదు.

శశిభూషణ్ కదల్లేదు. నేను కుడి చేత్తో టీ తాగుతున్నాను. నా ఎడమ చెయ్యి ఒళ్లో ఉంది, తువ్వాలు చుట్టి. అతను డాక్టరు. చూపు అక్కడికే పోయింది.

"నువ్వు కూడా వేసుకున్నావా?"

"పరీక్ష చెయ్యకుండా నేను ఏ మోటారూ ఇవ్వను."

"ఎంతసేపు?"

"మీకు మూడు నిమిషాలు. నాకు నలభై ఒకటి."

అతను ఎత్తిన చెయ్యి అలాగే పట్టుకుని వెళ్లిపోయాడు. నేను అతన్ని క్షమించలేదు. ఆ పేజీ చదివి దాచిన రెండోవాడిని కూడా క్షమించలేదు.

గోడకు అవతల ఆసుపత్రిలో ఇప్పటికీ ఒక్క నర్సే ఉంది. నిలబడే రాస్తుంది. ఆ మధ్య ఒక కుర్చీకి కొత్తగా కాళ్లు బిగించి తీసుకెళ్లి ఆ వార్డులో వేసి వచ్చాను. ఎవరిచ్చారో చెప్పొద్దన్నాను.

షాపుకు వచ్చేవాళ్లు మోటారు గురించి అడిగితే చెబుతాను. చేతికి తువ్వాలు ఎందుకని అడిగితే మోటారు తీసుకుని వెళ్లమంటాను. చెప్పవలసింది ఇక్కడ ఒక్కసారి చెప్పాను. అతని గురించి గానీ, ఆ తొడుగు గురించి గానీ, హైమ గురించి గానీ ఇక నా నోట మాట రాదు.